కండ ఎక్కువున్న చోటు

పొద్దున్న ఎనిమిదింటికి భీమశంకరం షట్టరు ఎత్తేసరికి లోపల బల్ల మీద ఒక పిర్ర బోర్లా పడుకుని ఉంది. ఎడమ పిర్ర. దాని మనిషి రాలేదు.

భీమశంకరానికి ఇందులో వింతేమీ కనబడదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మనుషుల్ని ఇంతవరకే చూస్తున్నాడు. మిగతాది ఉన్నా లేకపోయినా వైద్యానికి అడ్డం కాదు. ఆయనకు కోపం తెప్పిస్తున్న సంగతి వేరే. బయట బెంచీ మీద ఏడుగురు టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉండగా, ఇది వరస తప్పి లోపలికొచ్చి పడుకుంది.

"టోకెన్ ఏదీ?" అని అడుగుతాడు.

పిర్ర జవాబు చెప్పదు. పిర్రలు ఆయనకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. అందుకే వాటి మీద ఉన్న గౌరవం ఆయనకు ముఖాల మీద లేదు.

తోటపేట సెంటర్లో ఆయన బోర్డు మీద పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. చదవడం వచ్చినవాళ్ళు ఆ మాటను అనుమానించలేదు, రానివాళ్ళు అసలే అనుమానించలేదు. ఆయన చదివింది పదో తరగతి. ఆ తర్వాత పట్నంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేరి, సూది వెయ్యడం బొప్పాయి మీద నేర్చుకున్నాడు. ఎక్కడ గుచ్చితే తేలిగ్గా దిగుతుందో చూసుకున్నాడు: నడిమధ్యన, కండ ఎక్కువున్న చోట. ఆ ఒక్క పాఠంతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. బొప్పాయికి నరాలుండవన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఊళ్ళోవాళ్ళూ తక్కువ తినలేదు. మాత్ర ఇస్తే అది వాళ్ళ లెక్కలో వైద్యమే కాదు. జలుబుకు సూది, నీరసానికి సూది, అల్లుడి మీద కోపానికి సూది. తాతారావని ఒకాయన ఉన్నాడు, ఇటుకబట్టీలో మేస్త్రీగా చేసి మానేసిన మనిషి. జబ్బేమీ లేకుండానే ప్రతి మంగళవారం వచ్చి, బలానికని ఒకటి పొడిపించుకుని, మీసం దువ్వుకుంటూ పోతాడు. ఒక వారం కుడివైపు, ఒక వారం ఎడమవైపు. నొప్పెక్కువైతే మందు బాగా పట్టిందని సెంటరంతా చెప్పుకుంటాడు. ఇలాంటి వైద్యుడికి ఇలాంటి ఊరు దొరకడం ఇద్దరి అదృష్టం.

ముఖాలు గుర్తుపెట్టుకోని భీమశంకరానికి ఈ పిర్రను మాత్రం ఎక్కడో చూసినట్టనిపిస్తుంది. నడిమధ్యన పాత సూదిపోటు, దాని చుట్టూ కమిలిన మచ్చ. అంచున కొంచెం సుద్దపొడి. ఎవరిదో తేలదు. తేలనంతమాత్రాన చెయ్యి ఆగదు కాబట్టి సిరంజిలోకి మందు తీసి, దూదితో తుడిచి, ఆ మచ్చలోనే మళ్ళీ గుచ్చుతాడు.

సూది దిగుతుంది. దాని వెనక సిరంజి దిగుతుంది. తర్వాత మణికట్టు, మోచెయ్యి, భుజం. లోపల్నుంచి ఎవరూ లాగడం లేదు. లోపల చోటుంది, అంతే.

"లోపలికెళ్తున్నారేంటండి డాక్టరుగారూ?" అని తాతారావు గుమ్మంలోంచి తొంగిచూస్తాడు.

"అవును. వచ్చేస్తా."

"ఆయ్, నిదానంగా రండి. మేం ఎక్కడికెళ్తాం! నాది ఇవాళ ఎడమవైపండి, మర్చిపోకండేం."

భీమశంకరం చెప్పులు బల్ల కింద విడిచి, తల వంచుకుని లోపలికి దిగుతాడు.

లోపల గది పెద్దది. పైకప్పు ఎర్రటి తాళ్ళతో నులకమంచంలా ఏటవాలుగా అల్లి ఉంది. సెంటర్లో కొట్లకున్నట్టే ఇక్కడా బోర్డులున్నాయి. ఆయన కూడబలుక్కుని చదువుతాడు. గ్లూటియస్ మాక్సిమస్: కూర్చున్నవాళ్ళు లేవడానికి, మెట్లెక్కడానికి. దాని కింద విసనకర్రలా విచ్చుకున్న ఇంకో కండ. గ్లూటియస్ మీడియస్: ఒక కాలెత్తినప్పుడు నడుం ఒరిగిపోకుండా నిలబెట్టడానికి. తను రోజూ పొడిచే తోలు కింద ఇంత కాపురం ఉందని ఆయన ఆశ్చర్యపోడు. ఆశ్చర్యపోవడానికి కూడా కాస్త చదువుండాలి.

ఇంకా లోతుకు వెళ్తే, తలుపుకు గడియ వేసినట్టు, గదికి అడ్డంగా ఒక కండ ఉంది. పిరిఫార్మిస్ అని బోర్డు. దాని కింద ఎవరో చేత్తో రాశారు: దారి తెలియనివాళ్ళు దీన్ని అడగండి. నిజమే, పైనుంచి వెళ్ళాల్సిన నరాలు ఆ గడియ పైనుంచి, కిందనుంచి వెళ్ళాల్సినవి కిందనుంచి, ఒకదాన్నొకటి తోసుకోకుండా పోతున్నాయి. భీమశంకరం ఎవర్నీ ఏమీ అడగడు. డాక్టరన్నవాడు దారి అడిగితే ఇంక పరువేం మిగులుతుంది?

గడియ కిందనుంచి తుంటి నరం దిగుతోంది. తెల్లగా, బొటనవేలంత లావు ఉంది. ఒంట్లో దీన్ని మించిన నరం లేదని బోర్డు చెబుతోంది. ఒకే తొడుగులో రెండు పాయలు; బయటి పాయ పాదాన్ని పైకెత్తుతుంది. ఆ బయటి పాయ మీద, సరిగ్గా ఆయన దిగివచ్చిన కన్నం కింద, నల్లగా కాలిన మచ్చ ఉంది.

నరం అలాగే కిందికి దిగి, ఒక కుట్టుమిషను చక్రానికి చుట్టుకుని, పెడలుకు చేరుతోంది. మిషను ముందు మంగతాయారు కూర్చుని ఉంది. సెంటర్లో జాకెట్లు కుట్టే మనిషి. పెడలు మీద ఆమె ఎడమపాదం వేళ్ళు కిందికి వాలి ఉన్నాయి. చెప్పు ఊడి పక్కన పడి ఉంది, ఊడినట్టు ఆమెకు తెలియదు.

"ఆయ్, రండి డాక్టరుగారూ. గుమ్మం దొరికిందాండి?"

భీమశంకరానికి ముఖం కాదు, మచ్చ గుర్తొస్తుంది. ఒళ్ళునొప్పులకని వచ్చి, సూది వేయించుకుని, బల్ల దిగకముందే కాలంతా మంటెక్కిపోతోందని అరిచిన మనిషి. సాయంత్రానికి పాదం వేలాడిపోయింది. ఆయన వాతం అని చెప్పి, నువ్వులనూనె రాసుకోమని పంపించేశాడు.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంటాడు.

"ఇది నాదేనండి. మీరేం చేస్తున్నారో చెప్పండి."

ఆయన బోర్డుల వైపు తిరుగుతాడు.

"నాకో చీటీ కావాలండి," అంటుంది మంగతాయారు. "కాకినాడలో నరాల డాక్టరుగారు అడిగారు. ఏ మందు, ఏ రోజు, ఎక్కడ పొడిచారు. మూడు ముక్కలండి. మూణ్ణెల్లు దాటకుండా తెస్తే కోసి చూస్తాం, పాదం లేవొచ్చు అన్నారు. దాటితే ఇంక ఇంతేనంట. రేపటితో మూణ్ణెల్లండి."

"నీది వాతం. అప్పుడే చెప్పాను కదా."

"వాతం మీ బల్ల మీదున్నప్పుడే వచ్చిందాండి?"

"వాతానికి టైమేంటి? ఎక్కడైనా వస్తుంది."

"మరి ఇరవయ్యేళ్ళు మిషను మీద కూర్చున్నాను, అప్పుడు రాలేదేంటండి?"

చదువు లేనివాళ్ళతో వాదించకూడదని ఆయన నియమం. చదువున్నవాళ్ళతో వాదించే ధైర్యం ఎలాగూ లేదు. అందుచేత ఆయన బతుకులో ఇంతవరకూ ఒక్క వాదనా ఓడిపోలేదు.

మంగతాయారు లేస్తుంది. పాదం నేలకు తగలకుండా మోకాలు బాగా పైకెత్తి అడుగేస్తుంది, అయినా అడుగడుగుకీ పాదం టప్పున కొట్టుకుంటుంది. మిషను సొరుగులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తుంది.

"నాలుగు ముక్కలండి. పైన, బయటి పక్క ముక్క చూడండి. ఉత్త కండ. ఇక్కడ పొడిస్తే ఎవరికీ ఏమీ కాదు. మీరు పొడిచింది మజ్జిలో. దాని కింద ఈ నరముందండి."

"ఇదంతా నీకెవరు నేర్పారు?"

"ఒకరు నేర్పాలేంటండి? గుడ్డ కోసేముందు గీత గీస్తాం. తేడా వస్తే పోయేది గుడ్డే. అయినా గీస్తాం. మీరు ఒక్కరోజన్నా గీశారాండి?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన భీమశంకరానికి సిగ్గేస్తుంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదని ఆయనకు తెలుసు. ఆ రోజు బల్ల మీద ఆమె అరిచిన అరుపుతోనే తెలుసు. మూడు ముక్కలు రాసిస్తే ఆమె కాలు మళ్ళీ పెడలు తొక్కవచ్చు. సెంటర్లో బోర్డు మాత్రం దిగిపోతుంది. కాలు ఆమెది, బోర్డు తనది. అంతటితో ఆ సిగ్గు తీరిపోతుంది.

జేబులో కలం ఉండాల్సిన చోట సిరంజి ఉంది. రాయడానికి అదే సరిపోతుంది. ఆయన చీటీ మీద మూడు ముక్కలే రాస్తాడు: మంగతాయారు, వాతం, భీమశంకరం. సంతకం కింద ఒక గీత గీస్తాడు. అది బాగా కుదిరిందని మెడ వంచి ఇంకోసారి చూసుకుంటాడు కూడా. ముప్ఫై ఏళ్ళ వైద్యంలో ఆయన శ్రద్ధగా గీసిన గీత అదొక్కటే.

మంగతాయారు చీటీ చదువుతుంది. కళ్ళు నిండుతాయి, తుడుచుకునే తీరిక ఆమెకు లేదు.

"సరేనండి. పదింటి బస్సుకెళ్ళాలి. చీటీ లేకపోతే నరాన్నే చూపిస్తాను."

పిరిఫార్మిస్ ఆమె కోసం కొంచెం పైకి లేస్తుంది. ఆమె దాని కిందనుంచి నరాన్ని మెల్లగా విడదీసి, మెలిక పడకుండా బాబిన్‌కు చుట్టుకుంటుంది, నల్లమచ్చ పైకి కనబడేలాగ. బాబిన్‌ను బొడ్డులో దోపుకుని, మిషనును చంకన పెట్టుకుని, టప్ టప్ మంటూ కన్నంలోంచి ఎక్కి వెళ్ళిపోతుంది. చెప్పు లోపలే ఉండిపోతుంది.

కాసేపటికి పైనుంచి మిషను చప్పుడు. ఆమె చక్రాన్ని చేత్తో తిప్పుతోంది. కన్నం అంచుల వెంట దగ్గర దగ్గరగా కుట్లు పడుతున్నాయి, వంకర లేకుండా. వెలుతురు సన్నబడి, గీతై, పోతుంది. చివర ముడేసి దారం కొరికిన చప్పుడు కూడా భీమశంకరానికి వినిపిస్తుంది.

"డాక్టరుగారేరమ్మా?" ఇది తాతారావు గొంతు.

"లోపలే ఉన్నారు బాబాయ్. బయటికి రారంట."

అడుగుల చప్పుడు బస్సుస్టాపు వైపు పోతుంది.

బయట బెంచీ మీదివాళ్ళు ఆలోచనలో పడతారు. ఆలోచించే పని తాతారావు నెత్తిన వేసుకుంటాడు.

"డాక్టరుగారు లోపలున్నారు కదా. ఆయనకి వేస్తే మనందరికీ వేసినట్టే. ముప్ఫయ్యేళ్ళుగా వేయించుకుంటున్నాం, ఆ మాత్రం చెయ్యి తిరగదేంటి! కండెక్కువున్న చోట పొడవడమే కదా."

అందరికీ ఈ మాట నచ్చుతుంది. టోకెన్ల వరసలో లేచి నిలబడతారు.

భీమశంకరం మంగతాయారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, నరం ఉండే చోట. పైకప్పు నడిమధ్యన ఎర్రటి తాళ్ళు పక్కకు జరిగి, మొదటి సూది దిగుతుంది. ఆయన ఎడమ తొడ వెనక నిప్పు అంటుకుంటుంది. రెండోది కూడా అక్కడే. ఆయన గొంతు చించుకుని అరుస్తాడు.

"పైన! బయటి పక్క! మజ్జిలో కాదురా, అక్కడ నరం ఉంటుంది! నేనే పొడిచాను, నాకు తెలుసు!"

అడిగినప్పుడు చీటీ మీద రాయాల్సిన మాట అది.

బయట సూది పట్టిన చెయ్యి ఆగుతుంది.

"ఏదో అరుస్తోందండోయ్," అంటారెవరో.

"వాతం," అంటాడు తాతారావు. "నువ్వులనూనె రాస్తే సర్దుకుంటుంది. కానియ్."

మూడోది దిగుతుంది. భీమశంకరం లేవబోతాడు; ఎడమపాదం లేవదు. మంట చల్లారి, మోకాలి కింద ఏమీ లేనట్టు ఉంది. గదిలో పండిన బొప్పాయి తియ్యటి వాసన మొదలవుతుంది. తాళ్ళ ఎరుపు విరిగి పసుపు తిరుగుతోంది, గోడలు మెత్తబడి గుజ్జవుతున్నాయి. పిరిఫార్మిస్ బోర్డు జారి కింద పడిపోతుంది. ఇప్పుడాయన దారి అడుగుతాడు, కానీ అక్కడ ఎవరూ లేరు.

గోడల పొడుగునా నల్లటి గింజలు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నాయి, తడిగా మెరుస్తూ. ప్రతి గింజ చేతిలోనూ, మంగతాయారుది ఊడినట్టే ఊడిన ఒంటి చెప్పు ఉంది. పొలం చెప్పులు, బడి బూట్లు, పెళ్ళికి కొన్న చెప్పులు. ముందు వరసలో అన్నిటికంటే చిన్న గింజ ఒకటి పసిపాప చెప్పు పట్టుకుని ఉంది.

చిన్న గింజ బెంచీ దిగుతుంది. మంగతాయారు వదిలేసిన సుద్దముక్క తీసుకుని, భీమశంకరాన్ని మర్యాదగా బోర్లా తిప్పుతుంది. ఆయన ఎదురు చెప్పడు. ఆయన మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి, ఆ రెండూ కలిసిన చోట తన చెప్పును జాగ్రత్తగా పెట్టి, వెళ్ళి కూర్చుంటుంది.

రెండో గింజ లేస్తుంది.