నాకోసం చేసిన ప్రార్థన

ముప్పై మందికి ఉల్లిపాయలు తరగడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా మా ఆయన జీవరత్నం హాల్లో ఏసీ ముందు కూర్చుని ఆనాటి ప్రసంగం రాసుకుంటాడు. వారానికి ఆరు రోజులు నేను దుబాయ్ జుమేరాలో ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని చూస్తాను. ఆయన అల్ ఖూజ్‌లో స్టోర్ కీపరు. శుక్రవారం ఇద్దరికీ సెలవే. కానీ ఆ రోజు లేబర్ క్యాంపుల నుంచి మా గోదావరి జిల్లాల కూలీలు సత్వాలోని మా ఇంటికి ప్రార్థనకు వస్తారు. ఆయన్ను అయ్యగారంటారు, నన్ను అక్కా అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వారమంతా ఎండలో మాడి ఇంటి ముద్ద కోసం వచ్చేవాళ్ల మీద ఎవరికి కోపమొస్తుంది?

పెళ్లికి ముందు మా గోదావరి లంకలో తెల్లవారుజామున గేదె పాలు పితుకుతూ దేవుడితో ఉండేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు, ఊరికే ఉండేదాన్ని. దేవుడు దగ్గర్లోనే ఉన్నట్టు తెలిసేది. దుబాయ్ వచ్చిన నాలుగేళ్లలో అది పోయింది. ఆ మాట మా ఆయనకు చెబితే, "భక్తి తగ్గింది రాజ్యం. కాస్త నిదానించు" అన్నాడు. ఆ నోటితోనే, "చొక్కా ఇస్త్రీ అయ్యిందా?" అన్నాడు. అత్తగారు ఉత్తరం రాయించింది: "మావోడు దేవుడి పని సేత్తన్నాడు. ఆడికి అడ్డం రామాకు." నేనెక్కడ అడ్డం వచ్చాను? నేను వంటింట్లో ఉన్నాను.

ఒక ఆగస్టు శుక్రవారం మా ఆయన ప్రసంగం దేవుణ్ణి వినడం గురించే. వంటింట్లో ఏసీ లేదు. ఎసరు ఆవిరిలో నిలబడి గోడ అవతల ఆయన గొంతు విన్నాను. "పనులు ఆపండి. చేతులు ఖాళీ చేసుకోండి. అప్పుడే ఆయన స్వరం వినబడుతుంది." నా చేతుల నిండా కోడిముక్కలు, మసాలా.

ఎసట్లో బియ్యం పోసి, టీ గ్లాసుల పళ్లెంతో హాల్లోకి వచ్చాను. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన ప్రార్థిస్తున్నాడు.

"ప్రభువా, నా భార్య రాజ్యాన్ని జ్ఞాపకం చేసుకో. ఆమె మనసు పొయ్యి దగ్గరే ఉండిపోయింది. నీ మాట వినే చెవి ఆమెకివ్వు."

ముప్పై గొంతులు ఆమేన్ అన్నాయి.

ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క క్షణమే. తర్వాత కోపం వచ్చింది. ఇన్ని శుక్రవారాలు నా వంట తిని, నా లోపాన్ని ముప్పై మంది ముందు దేవుడికి అప్పజెబుతాడా? పళ్లెం కింద పెట్టాను. గుమ్మం పక్కన చాప చివర కూర్చున్నాను.

కాసేపటికి గంజి పొంగి పొయ్యి చుయ్యిమంది. ఆయన కళ్లు తెరిచి, కనుబొమలతో వంటిల్లు చూపించాడు. నేను కదల్లేదు.

"రాజ్యం, అన్నం" అన్నాడు చిన్నగా.

"వింటున్నానండి."

మాడు వాసన వచ్చింది. తాపీమేస్త్రి సత్యానందం లేవబోయాడు. "నే సూత్తానక్కా."

"నువ్వు కూర్చో తమ్ముడూ. వారమంతా నిలబడే ఉన్నావు. అయ్యగారు చూసుకుంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి వెళ్లాడు. లోపల మూత కిందపడింది. నేను కళ్లు మూసుకున్నాను. మొదట నా ఊపిరే వినబడింది, పరిగెత్తి వచ్చినదానిలా. అది నిదానమయ్యేదాకా లేవలేదు.

అందరూ వెళ్లాక, కాలిన వేలికి వెన్న రాసుకుంటూ అడిగాడు. "అందరి ముందూ నా పరువు తీశావు. ఇంతకీ ఏం చెప్పాడు దేవుడు?"

"కూర్చోమన్నాడు" అన్నాను. "వచ్చే శుక్రవారం కూడా."