ఏడుకు అడ్డగీత

దగ్గరకు జరగండర్రా. ఆ గుమ్మం దగ్గర కూర్చుంటే సగమే వినిపిస్తుంది, సగం విన్నవాళ్ళు మిగతా సగం సొంతంగా అల్లేస్తారు. ఇలా చాప మీదకు రండి. ముసునూరు ఇన్నమ్మ సంగతి చెబుతాను.

ఇన్నమ్మకు అరవై రెండేళ్ళు. బడి ముఖం చూసింది లేదు. కానీ పది అంకెలూ వచ్చు, అచ్చు గుద్దినట్టు రాస్తుంది. అవి నేర్చుకున్నది నూజివీడు మామిడికాయల షెడ్డులో. కాయలను వరిగడ్డిలో పేర్చి మూత కొట్టాక, పెట్టెలో ఎన్ని ఉన్నాయో, ఏ కొట్టుకు వెళ్ళాలో పైన నల్లగా మార్కు వెయ్యాలి. పదహారేళ్ళు ఆ మార్కు ఇన్నమ్మ చేతిదే. చేరిన కొత్తలో ఒకసారి ఆమె రాసిన ఏడును ఎవరో ఒకటి అనుకున్నారు. లారీడు సరుకు ఊరు కాని ఊళ్ళో దిగిపోయింది. "ఆ రాసే మనిషెవరో గానీ, ఏడుకు నడుం మీద అడ్డగీత పెట్టమనండి" అని షావుకారు మేస్త్రీకి కబురు చేశాడు. ఆనాటి నుంచి ఇన్నమ్మ ఏడుకు అడ్డగీత తప్పలేదు.

కార్తీకమాసంలో కాయలూ ఉండవు, షెడ్డూ ఉండదు. అందుకని మూడేళ్ళుగా ఆమె జెరూషా టీచరు కూడగట్టిన వాలంటీర్లతో కలిసి బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పార్కుకు వెళుతోంది. పౌర్ణమి స్నానాల నాడు అక్కడ ఇసుక కనిపించదు, తలకాయలే కనిపిస్తాయి. పార్కులో జీతానికి ఉన్నవాళ్ళు ఇరవైమంది. వాళ్ళు ఎటని చూస్తారు? లోతుకు పోయేవాళ్ళను వెనక్కి పిలవాలి, ముసలివాళ్ళకు చెయ్యందించాలి, అందరూ పారేసి పోయిన ఆకుదొప్పలూ కవర్లూ ఏరాలి. వాలంటీర్లు చేసే పనులు అవే. ఇన్నమ్మ మాత్రం పెద్ద గేటు దగ్గర స్టూలు వేసుకుని, లోపలికి పోయే పిల్లల మణికట్టు మీద ఇంటివాళ్ళ ఫోను నంబరు రాస్తుంది. మొదటి ఏడాది స్కెచ్ పెన్నులతో రాస్తే ఒక్క మునకకే కొట్టుకుపోయాయి. మరుసటి ఏడాది షెడ్డులో పెట్టెల మీద రాసే మార్కరు తెచ్చుకుంది. "వానకు పోనిది సముద్రానికి పోతుందా? ఇంటికెళ్ళి కొబ్బరినూనె రాస్తే పోతుంది" అంది.

ఆ పనే కావాలని అడిగి మరీ తీసుకుంది. ఎందుకో చెబుతాను. ఏడేళ్ళప్పుడు గుణదల తిరునాళ్ళలో ఇన్నమ్మ తప్పిపోయింది. వేరుశనక్కాయలు అమ్ముకునే ఒకావిడ ఆమెను గోనె మీద కూర్చోబెట్టి, ఒళ్ళో కాయలు పోసి, బేరం మానుకుని మధ్యాహ్నం దాకా కనిపెట్టుకుని ఉంది. తల్లి వచ్చింది, పిల్లను ఎత్తుకుంది, ఏడుస్తూ పరుగెత్తింది. ఆవిడ పేరు అడగలేదు. ఆవిడ ముక్కుపుడక, బుగ్గమీది మచ్చ, అన్నీ ఇన్నమ్మకు ఇప్పటికీ గుర్తే. పేరు మాత్రం తెలీదు.

సరే, పౌర్ణమి తెల్లవారింది. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే నారాయణరావు గారి కుటుంబం కారు దిగింది. ఆయన కారు పెట్టించే పనిలో ఉంటే, కోడలు కల్యాణి ఐదేళ్ళ కూతురు తేజస్వి చెయ్యి పట్టుకుని ముందు గేటుకు వచ్చింది.

"ఏదీ, చిట్టి చెయ్యి ఇటివ్వమ్మా. అమ్మగారూ, నంబరు చెప్పండి."

కల్యాణి చెబుతోంది, ఇన్నమ్మ రాస్తోంది. ఆరంకెలు పడ్డాయి. ఇంతలో వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పిల్లను పక్కకు లాగేసింది.

"ఏంటిది? ఎవరు రాయమన్నారు?" నారాయణరావు గారి గొంతు పెద్దది. "పుణ్యస్నానానికి వస్తే చేతికి ఈ మసి ఏంటి? మా పిల్లేమన్నా కాయల పెట్టా, మార్కెయ్యడానికి?"

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నమ్మ ముఖం వేడెక్కింది.

"జనం ఎక్కువగా ఉన్నారండీ. ఇంకో నాలుగంకెలే..."

"రోజుకి ఎంతిస్తారేంటి నీకు?"

"ఏమీ ఇవ్వరండీ."

"ఊరికే చేసే పనికి విలువేముంటుందమ్మా? నా మనవరాలిని చూసుకోడానికి నేను లేనా?"

"మావయ్య గారూ, రాయనివ్వండి, పోయేదేముంది..." అని కల్యాణి అనబోతే, "నువ్వు తుడువు" అన్నాడాయన. ఆమె కొంగు తడిపి రుద్దింది. అది మార్కరు, ఊరికే పోతుందా? ఎర్రబడిన చేత్తో పిల్ల వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళిపోయింది. ఇన్నమ్మ కూడా అటే చూసింది. తర్వాత ఇంకో పిల్లాడి చెయ్యి ముందుకొచ్చింది. పని ఆగదు కదా.

గంట గడిచిందో లేదో, కల్యాణి తడిబట్టలతో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే నారాయణరావు గారు. ఆ పెద్ద గొంతుతో మనవరాలిని పిలుస్తూనే ఉన్నాడు. అంతకుముందు నీళ్ళలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడానికి ఆయన రెండు చేతులూ దోసిలి పట్టాడు. మనవరాలిని పట్టుకున్న చెయ్యి కూడా అందులోకే వచ్చింది. కళ్ళు తెరిచేసరికి పిల్ల లేదు.

జెరూషా టీచరు మైకులో చెప్పించింది. పోలీసులు నీళ్ళ వైపు పరుగెత్తారు. అలల హోరులో, జనం గోలలో మైకు మాట నాలుగడుగులు కూడా పోలేదు. కల్యాణి ఇన్నమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, "అప్పుడే రాయించుకోవాల్సింది పెద్దమ్మా" అని వెక్కిళ్ళు పెట్టింది. ఇన్నమ్మ ఆమె తల నిమురుతోంది గానీ, తన గుండెలోనూ అదే రంపం. నవ్వుతారని ఊరుకున్నాను కదా, ఇంకొక్క మాట బతిమాలితే ఏం పోయేది? నాకు సిగ్గు ముఖ్యమైందా, పిల్ల ముఖ్యమైందా? ఆ ఆరంకెల తర్వాతి ఖాళీ చోటే ఆమె కళ్ళముందు కనిపిస్తోంది.

అప్పుడు టీచరు ఫోను మోగింది. పార్కు అవతలి కొసన, సరుగుడు తోపు దగ్గర చెత్త ఏరుతున్న వాలంటీరు డేవిడ్ రాజు.

"టీచర్‌గారూ, ఇక్కడో పాప ఏడుస్తోందండీ. పేరడిగితే తేజూ అంటోంది, ఊరడిగితే తాతయ్య అంటోంది. చేతిమీద నంబరు సగమే ఉంది. ఏ గేటుకు తీసుకెళ్ళాలో తెలీలేదు గానీ, ఏడుకు అడ్డగీత ఉందండీ. ఇది మన ఇన్నమ్మక్క రాతేనా?"

"నాదే! నాదేరా నాయనా!" ఇన్నమ్మ కేక ఎంత గట్టిగా వచ్చిందంటే, ఫోను అక్కర్లేకుండానే అతనికి వినబడి ఉంటుంది. "నీళ్ళ వైపు పోకుండా రోడ్డు వెంట తీసుకురా!"

కాసేపటికి డేవిడ్ రాజు భుజమెక్కి తేజస్వి వచ్చింది. కళ్ళలో నీళ్ళు ఆరలేదు, నోరు మాత్రం ఆడుతూనే ఉంది. గుప్పిట్లో వేరుశనక్కాయలు. అవి చూసి ఇన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్ళు అద్దుకుంది. కల్యాణి పిల్లను గుండెకు అదుముకుంటే, ఆ పిల్ల, "అమ్మా, కాయలు పడిపోతున్నాయ్" అని విసుక్కుంది. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వేశారు.

నారాయణరావు గారు మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ అంకెలను చూస్తూ ఉండిపోయాడు.

"ఈ అడ్డగీత... ఇది మా పెట్టెల మీది రాత."

"అవునండీ. తమరు షెడ్డుకొస్తే దూరం నుంచి చూసేదాన్ని. పదహారేళ్ళు మీ పెట్టెల మీద రాశానండీ. గీత పెట్టమని చెప్పింది కూడా తమరే."

ఆయన తల ఎత్తలేకపోయాడు. ఎన్ని లారీలు, ఎన్ని వేల పెట్టెలు! ఆ రాత ఎక్కడున్నా పోలుస్తాడు. ఆ మనిషిని మాత్రం ఇదే చూడటం.

"మీ పేరేంటమ్మా?" అని అడిగాడు. "నువ్వు" కాస్తా "మీరు" అయింది, విన్నారా?

"ఇన్నమ్మ అండీ. ముసునూరు."

"ఇన్నమ్మ గారూ, మిగతా నాలుగూ రాసెయ్యండి."

ఇన్నమ్మ మార్కరు తీసింది. నాలుగంకెలూ పడ్డాయి. వాటిలో ఇంకో ఏడు ఉంది, దానికీ అడ్డగీత పడింది. తేజస్వి చెయ్యి చూసుకుని మురిసిపోయి, తాతయ్య పంచె లాగింది.

"తాతయ్యకి కూడా రాయి బామ్మా! తప్పిపోయింది తాతయ్యేగా. నేను అక్కడే ఉన్నా, తనే కనపళ్ళేదు."

జనం ఘొల్లుమన్నారు. నారాయణరావు గారు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, బుద్ధిగా చొక్కా చెయ్యి పైకి మడిచి స్టూలు ముందు నిలబడ్డాడు. ఇన్నమ్మ రాసింది. ఆ మణికట్టు ఎత్తి ఆయన వరుసలో ఉన్నవాళ్ళందరికీ చూపించాడు.

"బాబూ, పొద్దున నేను ఈవిడను ఎగతాళి చేస్తే మీలో కొందరు నవ్వారు. తప్పు నాది. సగంలో ఆపించిన పనే నా మనవరాలిని నా చేతిలో పెట్టింది. ఊరికే చేస్తున్నారు కదా అని చులకన చెయ్యకండి. వీళ్ళు జీతానికి కాదు, మన పిల్లల కోసం నిలబడ్డారు. పిల్లల చేతులు చాపించండి. ఆ రాసే మనిషి పేరు కూడా అడగండి."

ఆ రోజు సాయంత్రం దాకా ఆ గేటు దగ్గర ప్రతి తల్లీ ప్రతి తండ్రీ ఇన్నమ్మ పేరు అడుగుతూనే ఉన్నారు. చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. అన్నిసార్లు తన పేరు తానే పలకడం అరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. చెప్పిన ప్రతిసారీ, పేరు తెలియని ఆ వేరుశనక్కాయలావిడ తన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నట్టు అనిపించింది ఆమెకు.

అదమ్మా సంగతి. ఇక లేవండి. కానీ ఈ కథ ఇక్కడే వదిలెయ్యకండి. జనంలోకి వెళ్ళే ముందు మీ పిల్లలకు చెప్పండి, మీ పక్కింటివాళ్ళకు చెప్పండి. ఊళ్ళ పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, నా పేరు మరిచిపోయినా ఫరవాలేదు. మీకు మేలు చేసిన మనిషి పేరు అడగకుండా మాత్రం ఇంటికి రాకండి.