నాకంటే ముందొచ్చిన మనిషి

ఎవరేం చెప్పినా నమ్మేయడం మా ఆయన రాఘవేంద్రప్రసాద్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ ఒకటి అమ్మకానికి ఉందని ఎవరో అన్నారు. అంతే, మైదుకూరులో మా అమ్మ నాకిచ్చిన అంగడి గది అమ్మేసి దాన్ని కొందామని కూర్చున్నాడు. నాకంటూ ఉన్నది ఆ గది ఒక్కటే, కాగితాలు మాత్రం ఆయన పేరు మీదే ఉన్నాయి.

“ముందు నేను పోయి వాకబు చేసొస్తా. నేను బాగుండాదంటేనే మీరు సంతకం పెట్టాల” అని కొంగు దోపుకుని బస్సెక్కాను.

వ్యాపారం కొనేవాళ్లు యజమాని దగ్గరికి చివర్లో పోవాలి. ముందు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చోవాలి. మా నాన్న అలాగే చేసేవాడు. యూనిట్ ఎదుట మహాదేవమ్మ అనే ఆమె టీ కాస్తోంది.

“అక్కా, ఆ యూనిట్‌కు లారీలు బాగా వస్తాయా?”

ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి నవ్వింది. “మొన్ననే చెప్తిని కదమ్మా. ఎన్నిసార్లు అడుగుతావు?”

“నేనా? నేను ఈ ఊరికి రావడం ఇదే మొదలు.”

“సర్లే, ఎగతాళి చేయొద్దు. ఆ బల్ల మీదనే కూసుంటివి. చక్కెర తక్కువెయ్యమంటివి.”

ఇవాళ నేను చక్కెర మాటే ఎత్తలేదు. టీ తాగి చూస్తే తక్కువగానే ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఓహో, ఇంకెవతో ముందే బేరానికి దిగిందన్నమాట. లేదంటే యజమాని పెద్దసుబ్బయ్యే, పోటీ ఉందని చూపించడానికి ఎవతినో తిప్పుతున్నాడు. అంగళ్ల వీధిలో పుట్టి పెరిగినదాన్ని, ఇలాంటి ఎత్తులు నాకు తెలియవా!

పక్కనే వెల్డింగ్ షాపు. దాన్ని నడిపే ఏసేపు నన్ను చూడగానే కళ్లద్దాలు పైకి నెట్టాడు.

“మళ్లీ వస్తివా తల్లీ? వద్దని చెప్తి కదా.”

“ఏం చెప్తివన్నా? ఇంకోసారి చెప్పు” అన్నాను, కూపీ లాగుదామని.

“ఆ యూనిట్ బాడుగకు తీసుకుని నడిపినోళ్లు ఇద్దరూ రాతిదుమ్ము దగ్గుతోనే పోయినారు. మూతికి గుడ్డ కట్టుకున్నా ఆ దుమ్ము ఆగదు. ఆ మాట చెప్తే నవ్వితివి. మాకేం కాదులే అన్నా అంటివి.”

“అది నేను కాదన్నా. ఎవురో నా మాదిరి ఉండే మనిషి.”

అతను నా కుడిచేతి వైపు చూశాడు. “ఆ కాలిన మచ్చ నువ్వే చూపిస్తివి కదమ్మా, దోసె పెనం తగిలిందని.”

గబుక్కున కొంగుతో చెయ్యి కప్పుకున్నాను. నిజంగానే అది దోసె పెనం తగిలి కాలిన మచ్చ. నాకు భయమేసింది. పోటీ లేదు, బేరం లేదు, ఈ ఊరి నుంచి బయటపడితే చాలనిపించింది.

పెద్దసుబ్బయ్యను కలవకుండానే వెనక్కి తిరిగి, రోడ్డు మీద నుంచే మా ఆయనకు ఫోన్ చేశాను.

“ఏమండీ, ఈ యూనిట్ మనకొద్దు. నడిపినోళ్లు దగ్గుతో చచ్చిపోయినారంట.”

“ఏందే రమణీ, పరాచికాలా? ఇప్పుడే కదా ఫోన్ చేసి, శానా బాగుండాది, సంతకం పెట్టేయండి అంటివి? పెండ్లైనకాన్నుంచి నువ్వు దేన్నీ బాగుండాదని అన్న పాపాన పోలా. ఆ సంతోషంలో గది కాగితాల మీద సంతకం పెట్టేసినా.”

“నేను చేయలేదు!” అని అరిచాను. “అది నా గొంతేనా?”

“నీ గొంతు నాకు తెలీదా? కాకుంటే బాగా బొంగురు పోయినాది. మాటకు ముందొకసారి, మాటకు వెనకొకసారి దగ్గుతాంటివి. ఇప్పుడు బాగనే ఉండాదే. వేన్నీళ్లు తాగితివా?”