ఎర్రబడని చుక్క

చిలగడదుంప ఆకుల కాడలకు పీచు తీస్తూ ఇవాళ మళ్లీ నా కోడలు యున్‌రూ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద వరుసగా పచ్చ చుక్కలు, పక్కనే బ్యాంకుల పేర్లు, కొరియర్ల పేర్లు, పన్నుల శాఖ. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్న నాకు ఏ పేరు కనిపించినా చదవబుద్ధవుతుంది. యున్‌రూ పనిచేసే కంపెనీ సాఫ్ట్‌వేర్ వీళ్లందరితో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండాలట. ఎవరైనా పలకడం మానేస్తే చుక్క ఎర్రబడుతుంది. "మనిల్లు శుభ్రంగానే ఉంటుంది అత్తయ్యా. పక్కింటి నీళ్లు మన గోడలోకి దిగుతాయి. చీవాట్లు మాత్రం నాకు" అనేది.

"లైట్లు చూడ్డానికి కూడా జీతమా? ట్రాఫిక్ పోలీసుకైనా ఎండ తగులుతుంది" అనేవాడు నా కొడుకు కువోఛెన్. నేనూ నవ్వేదాన్ని. ఆ లైట్లు చూస్తూనే ఆమె వంట చేసేది, పాప చేత లెక్కలు చేయించేది, నా బీపీ మాత్రలు గుర్తుచేసేది. ఇంట్లో ఎవరు పలకకపోయినా లేచి చూడాల్సింది ఆమే.

కిందటి నెల దూరాన ఉన్న తైనాన్‌లో పెద్ద ఉద్యోగానికి ఆమెను ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంటర్వ్యూ మాత్రం ఇక్కడే, మా ఊరు షిన్‌చూలో. "దొరికితే పాపను తీసుకుని వెళ్తాను అత్తయ్యా. శని ఆదివారాలు వస్తుంటాను. ఆయనకింకా చెప్పలేదు" అంది. ఇంటర్వ్యూ జరిగే చోట గేటు దగ్గర ఫోన్ తీసేసుకుంటారట. ఆలోపు ఏదైనా ఎర్రబడితే తనకు ఫోన్ చేయమంది. ఆ తర్వాతైతే తెర మీది ఈ బొత్తాం నొక్కమంది, ఆఫీసులో తన తర్వాత వరుసలో ఉన్న చువాంగ్‌కి కబురు పోతుందట.

ఇంటర్వ్యూ రోజు ఆమె తలుపు మూసి వెళ్లిన చప్పుడుకి నాకు అక్క గుర్తొచ్చింది. మా అక్కను చిన్నప్పుడే వేరే ఇంటికి ఇచ్చేశారు, పెద్దయ్యాక వాళ్ల కోడలు కావడానికి. ఆ రోజూ తలుపు ఇలాగే మూసుకుంది. అక్క మళ్లీ రాలేదు. ఫోన్ తీసి, "యున్‌రూ, ఎర్రబడిందమ్మా!" అన్నాను.

ఏదీ ఎర్రబడలేదు.

సగం దారిలోంచి పరుగెత్తుకొచ్చింది. బూట్లు కూడా విప్పకుండా తెర ముందు కూర్చుని, ఏదో నొక్కి చాలాసేపు చూసింది. "ఒక్కోసారి అలా ఎర్రగా మెరిసి ఆరిపోతుంది లెండి" అంది. ఇంటర్వ్యూ పోయింది. నా ఒళ్లోని గిన్నె తీసుకుని మిగిలిన కాడలు ఒలిచింది. నిజం చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఆమె "మాత్ర వేసుకున్నారా?" అని అడిగేది. నేను మాత్ర కోసం లేచేదాన్ని.

ఎన్నిసార్లు అడిగిందో, ఆ కంపెనీవాళ్లు ఇవాళ మళ్లీ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వెళ్లేముందు నా పక్కన కూర్చుంది.

"ఇదిగో అత్తయ్యా, ఏ చుక్క ఎప్పుడు ఎర్రబడిందో ఇక్కడ ఉండిపోతుంది. చెరగదు."

ఆమె వేలు కిందటి నెల మీదుగా మెల్లగా జరిగింది. అంతా పచ్చగానే ఉంది. ఆమెకు ఆ రోజే తెలుసు. నా మొహం వంక చూడలేదు.

"ఊరికే గంట మోగితే, నిజంగా మోగిన రోజు ఎవరూ లేవరు. మీరు పిలిస్తే మాత్రం నేను లేవాలి అత్తయ్యా, ఎక్కడున్నా" అని, తెర మళ్లీ నాకే అప్పగించి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

ఆమె ఫోన్ ఇచ్చేసి ఇంటర్వ్యూ గేటు దాటే వేళకి కొరియర్ చుక్క నిజంగానే ఎర్రబడింది. బొత్తాం నొక్కాను. చువాంగ్ ఫోన్ చేశాడు. "యున్‌రూ లేదా ఆంటీ? నేను భోంచేస్తున్నాను!"

"ఆమె కూడా రోజూ భోజనం మధ్యలోనే లేస్తుంది నాయనా."

చుక్క పచ్చబడుతుండగానే కువోఛెన్ ఫోన్ వచ్చింది.

"అమ్మా, యున్‌రూ ఫోనేమైంది? పాపకి జ్వరమట, స్కూలు నుంచి తీసుకెళ్లమంటున్నారు. నాకు మీటింగుంది. తను ఎక్కడుందో కనుక్కుని పిలువు."

గేటుకి కబురు చేస్తే ఆమె వచ్చేస్తుంది. ఈసారి అబద్ధం కూడా ఆడక్కర్లేదు. వచ్చేస్తే తైనాన్ వెళ్లదు, పాప నా పక్కనే పడుకుంటుంది. చేతిలోని కాడ గిన్నెలో పడేశాను.

"ఆమెను పిలవను. ఆమె తర్వాత వరుసలో ఉన్నది నీ పేరే" అన్నాను.