పుస్తకంలో ఆరు, రక్తంలో పదిహేను

ప్లోవ్‌దివ్ నగరంలోని చొక్కాల ఫ్యాక్టరీలో ఆ రోజు సూపర్‌వైజరు నెవేనా పుట్టినరోజు. చాక్లెట్ల పెట్టె పట్టుకుని మిషను మిషనుకూ తిరుగుతోంది.

"నా ఆరోగ్యం కోరి ఒకటి తీసుకో, జ్లాట్కక్కా."

వద్దంటే ఎదుటివాళ్ల ఆరోగ్యం కోరనట్టే. మిషను దగ్గర చొక్కాలు కుడుతున్న జ్లాట్కా ఒకటి తీసుకుని, "నిండు నూరేళ్లు ఉండు తల్లీ" అని నోట్లో వేసుకుంది. తనకు రెండేళ్లుగా షుగరుందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఏడాదికోసారి కొనసాగించే ఉద్యోగం. జబ్బు మనిషని తెలిస్తే మళ్లీ పిలుస్తారో లేదో.

ఆమెకు మందులిచ్చే డాక్టరు స్తోయెవా చెప్పింది, "నీ జబ్బుకు నువ్వే డాక్టరువమ్మా. రోజుకు రెండుసార్లు షుగరు చూసుకో, పుస్తకంలో రాయి."

జ్లాట్కా బుద్ధిగా పుస్తకం కొంది. షుగరు చూసుకునే స్ట్రిప్పుల కోసం ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసుకు వెళ్తే, కిటికీ వెనకున్నామె కాగితం తిప్పి చూసింది.

"ఇన్సులిన్ వేసుకునేవాళ్లకే ఉచితం. మీరు మాత్రల మనిషి."

"ఇన్సులిన్ దాకా పోకూడదనే కదమ్మా చూసుకోమన్నది?"

"నాకేం తెలుసు, రూలు అలా ఉంది."

జ్లాట్కాకు అయోమయంగా ఉంది. ఒకరు చూసుకోమంటారు, ఒకరు నీకు అక్కర్లేదంటారు. ఎవరి మాట వినాలి? కొనుక్కుందామంటే చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికే జీతం చాలదు. ఖాళీ పుస్తకం డాక్టరు ముందు పెట్టడానికి సిగ్గేసి, తోచిన మంచి అంకెలు వేసింది. ఆరు, ఆరున్నర, మళ్లీ ఆరు. అక్కడి కొలతలో ఏడు దాటకపోతే షుగరు అదుపులో ఉన్నట్టే. పాఠకులు ఆమెను తప్పుపట్టే ముందు, బడిలో మాస్టారికి భయపడి తామేం రాశారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. బయట పదిహేనుమంది కూర్చుని ఉండగా డాక్టరు గబగబా పేజీలు తిప్పి "భేష్" అంది. సంతోషించాలో ఏడవాలో తెలియక, పిచ్చిది, నవ్వి వచ్చేసింది.

మార్చిలో కాలి బొటనవేలికి పుండు పడి, మానకుండా నల్లబడింది. డాక్టరు రక్తం తీయించి చూస్తే షుగరు పదిహేను ఉంది.

"మరి ఈ పుస్తకం ఎవరిదమ్మా?"

"నాదే. రాయమన్నారు, రాశాను. చూసుకోవడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అబద్ధం నేనాడానా, మీరంతా ఆడించారా? నాకు తెలియట్లేదు డాక్టరమ్మా. వేలు ఉంటుందా?"

డాక్టరు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఉండదు. ఆసుపత్రిలో తీసేస్తారు," అంది. "అబద్ధం నువ్వు రాశావు, చదివి భేష్ అన్నది నేను. నీ ఒంటిని నువ్వే చూసుకోమన్నాం, చూసుకునే దారి మాత్రం మూసేశాం. చేతికి సాధనమివ్వకుండా బాధ్యత అప్పగిస్తే దాన్ని వైద్యమనరమ్మా, వదిలించుకోవడమంటారు."