సీ తిజానీ నీలం

ట్యూనిస్ నగరంలో బొమ్మలు వేసి బతికేవాళ్లలో సగం మందికి కుంచె పట్టుకోవడం నేర్పింది సీ తిజానీయే. ‘సీ’ అంటే అక్కడ ‘గారు’ అన్నట్టు. ఆయన బొమ్మల్లో మనుషులుండరు, చెట్లుండవు. ఒక అర్ధచంద్రం, ఒక వాలు పట్టీ, చుట్టూ రంగు, అంతే. సన్నని బట్ట బిగించిన స్క్రీన్ గుండా రంగు దింపి వాటిని కాగితం మీద అచ్చువేసేది ఆయన శిష్యురాలు బెయ్యా. ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఇంకొకరి చెయ్యి తగల్లేదు.

ఈసారి ముప్ఫై కాపీలే అనుకున్నారు. అన్నిటికీ అంకె వేసి సంతకం పెట్టాక స్క్రీన్ కడిగేయడమే, మళ్లీ అచ్చు ఉండదు. మిగతా రంగులు పడ్డాయి. చివరిది నీలం. ఎప్పటిలాగే ఆయనే కలిపి ఇచ్చి, అచ్చుగది మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బెయ్యా ఒక చిత్తు అచ్చు తీసి చూసింది. నీలం కళ్లలో గుచ్చుకుంది. పక్కనున్న పట్టీని మింగేసింది. ఆయన కళ్లలో శుక్లాలున్నాయనీ, వాటితో నీలం వెలిసినట్టు కనబడుతుందనీ, ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేస్తున్నాడనీ ఆమెకు తెలుసు. గురువు కలిపిన రంగుకు వంక పెట్టడమా అని ఆ పూటంతా మథనపడింది. చివరికి తనే ఇంకో నీలం కలిపి, మరో అచ్చు తీసింది.

మర్నాడు పొద్దున రెండు కాగితాలనూ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టింది. సీ తిజానీ వచ్చి వాటి మీదికి వంగాడు.

“ఒకే నీలంతో రెండుసార్లు అచ్చు తీశావేం అమ్మాయ్?”

బెయ్యా రెండు కాగితాలనూ ఆయన కళ్లకు ఇంకా దగ్గరగా జరిపింది. ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

“వేరువేరా?”

“వేరే, సీ తిజానీ.”

“నాది ఎలా ఉంది? మొహమాటపడకు. నలభై ఏళ్లు మీ అందరి బొమ్మల్నీ చీల్చి చెండాడాను. ఇప్పుడు నా వంతు.”

“పెళ్లింట్లో మైకులా అరుస్తోంది.”

ఆయన నవ్వబోయి ఆగాడు. “మరి నీది?”

“నాది నోరే విప్పడం లేదు.”

ఆ మాటతో ఆయనలోని మేష్టారు లేచి కూచున్నాడు. కళ్లు మూసుకుని ఎంత తెలుపో, ఎన్ని చుక్కల ఎరుపో చెబుతూ పోయాడు. ఆమె కలిపింది, చూసింది, చూసింది చూసినట్టు చెప్పింది. ఒకటి రెండుసార్లు వాదించి తన కొలతే వేసింది కూడా. తెప్పించిన టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడే వేళకు రంగు కుదిరింది. సాయంత్రానికి ముప్ఫై కాపీలూ పడ్డాయి.

అవి ఆరాక ఆయన తడుముకుంటూ సంతకాలు చేసి, పెన్సిల్ ఆమె వైపు తోశాడు. ఆమె వద్దంది. “చూసినదానివి నువ్వు” అన్నాడు. ఆమె ఓ మూల చిన్నగా పేరు రాసింది.

రంజాన్ వెళ్లాక ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజే ఆయన తిన్నగా అచ్చుగదికి వచ్చి ఒక కాపీ ముందు నిలబడ్డాడు.

“ఈ నీలం నేనైతే కలిపేవాణ్ణి కాదు” అన్నాడు.

బెయ్యా ఆ కాపీని తీసేయబోయింది. ఆయన స్టూలు లాక్కుని, జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిల్ తీసి, ఖాళీ పేజీ తెరిచాడు.

“మొదట ఏం వేశావో చెప్పు.”