టీవీలో పరాయి గొర్రెలు

సాయంత్రం ఐదు లోపల మా మామ గాలయ్య ‘సరే’ అంటేనే మా నిహారిక సినిమా హైదరాబాద్‌లో జరిగే పోటీకి వెళ్తుంది. తాతకు చూపించకుండా పంపనని మాటిచ్చింది మరి. కల్వకుర్తి గుట్టల్లో ఎండాకాలమంతా ఆయన మంద వెంట తిరిగి తీసిన పన్నెండు నిమిషాల సినిమా. అందుకే మూడున్నరకే ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టాం.

టీవీ వచ్చి నాలుగు రోజులు. మా ఆయన నాగేందర్ దానికి బొట్టు పెట్టాడు, రిమోట్‌కు ప్లాస్టిక్ కవర్ తొడిగాడు. సెట్టింగులు ముట్టొద్దని షాపాయన చెప్పాడట. కన్నతండ్రి మాట కూడా ఆయన ఇంత శ్రద్ధగా విన్నట్టు నాకు గుర్తులేదు.

సినిమా మొదలైంది. నిహారిక ముఖం వాడిపోయింది.

“అమ్మా, నేను గిట్ల తియ్యలే. సీరియల్ లెక్క ఉన్నదేంది?”

“మంచిగుంది గదనే, అద్దం లెక్క,” అన్నాడు మా ఆయన.

రెండు నిమిషాలకు మామ లేచాడు. “గిది నా మంద గాదు.”

“తాతా, అండ్ల నువ్వే ఉన్నవు గదా.”

“నేనున్న. గొర్లే నావి గావు. నా గొర్రె నేల మీద నడుస్తది. గివి కాళ్ల కింద నూనె పోసినట్టు జారుతున్నయి. నా బొల్లి కుంటుతది. గిది కుంటుతలేదు. పరాయి మందను నాదని చెప్పుకుంటే మనోళ్లల్ల మొఖమెట్ల చూపియ్యాలె? పంపకు బిడ్డా.”

నాలుగు దాటింది. నిహారిక కళ్లలో నీళ్లు. మా ఆయన షాపుకు ఫోన్ చేయడానికి వాకిట్లోకి వెళ్లాడు.

యాభై ఏళ్లు గొర్రెల వెనక నడిచిన మనిషి వాటిని నడకతోనే గుర్తుపడతాడు. ఆయన కన్ను పొరబడదు. తప్పంటే టీవీదే అయ్యుండాలి. నేను టీవీతో వచ్చిన పుస్తకం తెరిచాను. మా ఇంట్లో దాన్ని తెరిచిన మొదటి మనిషిని నేనే.

“మోషన్ స్మూతింగ్ అని ఉన్నదే, ఏందిది?”

నిహారిక దిగ్గున లేచింది. “అదేనమ్మా! నేను సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు తీసిన. మధ్యల ఈ టీవీ సొంతంగ బొమ్మలు పుట్టించి ఇరికిస్తాంది.”

అంటే గొర్రె వేయని అడుగులు టీవీ వేయిస్తోందన్నమాట. నేను రిమోట్ కవర్ ఊడదీశాను. నాలుగు మెనూలు దాటాక ఆ మీట దొరికింది. ఆపేసి సినిమా మళ్లీ మొదటి నుంచి పెట్టాం.

దుమ్ము దుమ్ములా లేచింది. గడప దాకా వెళ్లిన మామ ఆగాడు.

“అగో బొల్లి. కుంటుతాంది సూడు, నా తల్లి. దాని యెనక మొండితోకది. గా పక్కకు పోయేది దొంగముండ, ఎప్పుడూ గంతే.”

మా ఆయన లోపలికి వచ్చాడు. “షాపాయన ఏం ముట్టొద్దంటున్నడు.”

“ముట్టొద్దు, నిజమే,” అంటూ కవర్ తొడిగాను.

ఆయన తెర వైపు చూశాడు. “చూసినవా, దానంతట అదే సెట్టైంది. గదీ కంపెనీ మాల్ అంటే.”

“తాతా, పంపాల్నా?” నిహారిక వేలు ఫోన్ మీదే ఉంది. నాలుగూ యాభై రెండు.

“నా మందనే. పంపు.”

నెట్ తిరుగుతూ తిరుగుతూ నాలుగూ యాభై ఎనిమిదికి సినిమా వెళ్లింది. మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతాం. మామ ఇటు చూడనే లేదు. తెర మీద మంద శ్రీశైలం రోడ్డెక్కబోతోంది. ఆయన టీవీకి అడ్డంగా నిలబడి, నాలుకతో టక్‌టక్‌మనిపించి అదిలిస్తూ దాన్ని వెనక్కి మళ్లిస్తున్నాడు.